గళ్ల కాగితం మీద కవాతు పాట

మా కాలంలో బడికి బ్యాండు ఉండడమంటే ఊరికి రైలు స్టేషను ఉన్నంత గొప్ప. ఇప్పటి బడుల్లో ఒక డబ్బా పెట్టి మీట నొక్కుతారు. ఎవరో ఎక్కడో వాయించినది అందులోంచి వస్తుంది, దానికి పిల్లలు కాళ్లు ఆడిస్తారు, దాన్నే కవాతు అంటారు. మా మనవరాలి బడిలో ఒకసారి అది చూసి ఊరుకోలేక లేచి రెండు మాటలు అనబోతే మా కోడలు చొక్కా పట్టి కూర్చోబెట్టింది. (కూర్చున్నాను గాని నా అభిప్రాయం మార్చుకోలేదు.) ఆ రోజుల్లో పిల్లనగ్రోవి కావాలంటే వెదురు తెచ్చి, కోసి, ఇనుప చువ్వ కాల్చి బెజ్జాలు పెట్టవలసి వచ్చేది. పాట కావాలంటే ఎవరో ఒకరు కూర్చుని కట్టవలసి వచ్చేది. మా బడిలో ఆ ఎవరో ఒకరిని నేను. ఈ సంగతి ఇప్పుడు ఎవరికీ గుర్తు లేదు గనుక నేనే చెప్పుకోవాలి. చెప్పుకోవడం మొదలుపెడితే మొత్తం నిజం చెప్పవలసి వస్తుందనే ఇన్నేళ్లు వాయిదా వేశాను.

ఆలేరు స్టేషనులో దిగి, అదృష్టం బాగుంటే బస్సులో, లేకపోతే ఎడ్లబండిలో వస్తే మా ఊరు. రాష్ట్రాలు కలిసిన రెండు మూడేళ్లకు మా బడి హైస్కూలు అయింది. పిల్లల్లో సగంమంది మగ్గాల ఇళ్లవాళ్లు గనుక వాళ్లకు బళ్లోనే నేతపని నేర్పడానికి ఒక సారును పెట్టారు. ఆ సారును నేను. నా చదువు ఏడో తరగతి, తక్కినదంతా నాకు నేనే నేర్చుకున్నది. సంగీతమూ అంతే. మా ఊళ్లో నాటకం ఆడడానికి వచ్చిన కంపెనీలో హార్మోనియం వాయించే ఆయన జ్వరం తగిలి పది రోజులు మా అరుగు మీద పడి ఉన్నాడు. ఆయన కోలుకునేలోగా ఆయన పెట్టె మీద ఏడు స్వరాలూ నేను పట్టేశాను. పోతూ పోతూ నాకొక సంగీతం పుస్తకం ఇచ్చిపోయాడు. దానికి మొదటి ఇరవై పేజీలు లేవు. (అందుకే సంగీతంలో కష్టమైన విషయాలన్నీ నాకు తెలుసు, సులువైనవి ఈనాటికీ తెలియవు.)

కట్టిన పాటను రాసి పెట్టుకోవాలంటే నాకు తెలిసిన కాగితం ఒక్కటే, చీర అంచుల నమూనాలు గీసుకునే గళ్ల కాగితం. ఒక గడికి ఒక దెబ్బ. గడిలో స్వరం రాస్తే పిల్లనగ్రోవి ఊదాలి, గడి మూలను నల్లగా నింపితే డ్రమ్ము కొట్టాలి, ఎవరెవరు కలవాలో వరుస పక్కన రాసి ఉంటుంది. అట్లాంటి గళ్లు ఎనిమిదయితే ఒక వరుస, పాటలో ఒక ముక్క. మొదటి వరుస కాగితం అడుగున ఉంటుంది, చివరిది అన్నిటికంటే పైన. ఇదేం పద్ధతని అడిగేవాళ్లు ఎప్పుడూ మగ్గం ముందు కూర్చోనివాళ్లు. బట్ట నేసేవాడి దగ్గర మొదలై అవతలికి పెరుగుతుంది గనుక నమూనాను కిందినుంచి పైకే చదువుతారు, మా తాతల కాలంనుంచీ అంతే. మగ్గాల ఇళ్ల పిల్లలకు అది వేరే చెప్పనక్కరలేదు. వ్యవసాయం ఇళ్ల పిల్లలు మొదట బిత్తరపోయినా వారం రోజుల్లో దారికి వచ్చారు. ఇంత తేలికైన పద్ధతి ఈ భూమండలంలో ఇంకెవరికీ తట్టలేదని నాకు గట్టి నమ్మకం, అప్పటికి నేను చూసిన భూమండలం ఆలేరు, తిరుమలగిరి మధ్య ఉన్నదే అయినా.

ఎనిమిది పిల్లనగ్రోవులు, రెండు చిన్న డ్రమ్ములు, ఒక పెద్ద డ్రమ్ము, ఒక జత తాళాలు, ఇదీ మా బ్యాండు. మూడేళ్లు నేనే నడిపాను, అదీ బడి విడిచాక, జీతంతో సంబంధం లేకుండా. అయినా అందరూ నన్ను 'మగ్గం సారు' అనేవాళ్లు. పీరియడ్ల బోర్డు మీద నా పేరు పక్కన 'నేత' అని మాత్రమే ఉండేది. ఆ బోర్డు మీద నా పేరు పక్కన 'బ్యాండు' అని సుద్దముక్కతో రాయించుకోవాలి, పిల్లలు నన్ను బ్యాండు సారు అని పిలవాలి. ఇరవై మూడేళ్ల వయసులో నా కోరికల జాబితా మొత్తం అంతే. హెడ్మాస్టరు (ఆయనను పెద్దసారు అనేవాళ్లం) ఇదిగో అదిగో అంటూ ఉండగానే, డ్రిల్లు నేర్పడానికి కొత్త సారు దిగాడు.

ఆయన కొల్లాపూర్ వైపు మనిషి. వెనుకటి నవాబు ఫౌజులో (సైన్యంలో) బ్యాండు వాయించి, ఆ ఫౌజు రద్దయ్యాక బడి నౌకరిలోకి వచ్చాడు. మొదటి రోజే పిల్లలు ఫౌజీ సారు అని పేరు పెట్టేశారు. మూడేళ్లు మొత్తుకున్నా నాకు రాని పేరు ఆయనకు మధ్యాహ్నం గంట కొట్టేలోగా వచ్చింది. ఆరడుగుల మనిషి, కత్తిలాంటి ఇస్త్రీ, నున్నగా దువ్విన మీసం. అంతవరకు నేను పొట్టివాడినని నాకు ఎవరూ చెప్పలేదు. ఆయన దగ్గర ఐదు గీతల మీద తోకకప్పల్లాంటి చుక్కలు రాసిన ఒక పుస్తకం ఉండేది. దాన్ని చూసి ఆయన గడగడా పాడేవాడు. ఇవన్నీ ఎట్లాగో సహించవచ్చు. సహించలేనిది ఏమిటంటే ఆయన మంచివాడు. మంచివాడి మీద ఈర్ష్య పడడం ఎంత శ్రమో అనుభవించినవాడికే తెలుస్తుంది, ప్రతిరోజూ కారణం కొత్తగా వెతుక్కోవాలి.

వచ్చిన వారానికి నా దగ్గరికి వచ్చి, "మగ్గం సారూ, గీ పిల్లనగ్రోవులు మీరే చేసిన్రట గదా" అన్నాడు.

"అవు" అన్నాను ఛాతీ కొంచెం ముందుకు పెట్టి.

"మస్తు పని చేసిన్రు. నాతోనయితే గాదు. ఎనిమిదీ ఎనిమిది తీర్ల పలుకుతున్నయ్. జర మైనం పెట్టి చూద్దమా?"

ఎనిమిది తీర్ల పలకడం ఎనిమిది పిల్లనగ్రోవుల సహజ లక్షణమని నేను అనుకుంటూ వచ్చాను. (బహుశా ఆ సంగతి మొదటి ఇరవై పేజీల్లో ఉండి ఉంటుంది.) ఆయన జామచెట్టు కింద బాసింపట్టు వేసుకుని, ఒక్కొక్క బెజ్జానికి గోటితో మైనం అద్ది, చెవి దగ్గర పెట్టుకుని, మళ్లీ గీకి, సాయంత్రానికి ఎనిమిదింటినీ ఒక్క గొంతు చేశాడు. పిల్లలు ఊదారు. ఊది ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మూడేళ్లలో నా ముందు వాళ్లు ఎప్పుడూ అట్లా చూసుకోలేదు. ఆ రోజు ఇంటికి పోయి మా అవ్వతో (అమ్మను మా వైపు అవ్వ అంటాం) చెబితే ఆమె కండెలు చుట్టే రాట్నం ఆపకుండానే, "ఎంత మంచోడురా, కూలి గూడ అడగలె" అంది. నేను అన్నం తినలేదు. రెండోసారి పెట్టుకుని తినలేదని చెప్పడం నా ఉద్దేశం.

అట్లా ఉండగా ఇన్‌స్పెక్టరు గారు బడి చూడడానికి వస్తున్నారని కబురు వచ్చింది. పెద్దసారు మా ఇద్దరినీ పిలిచాడు.

"సాబు వస్తున్నడు. కొత్త పాట గావాలె. మగ్గం సారూ, పాట మీరు కట్టుర్రి. ఫౌజీ సారూ, మీరు కర్ర పట్టుకొని బ్యాండు ముందల నడువుర్రి. సాబు ఎవలిని మెచ్చుకుంటడో వాళ్లకు బోర్డు మీద బ్యాండు పీరియడు రాస్త. పంచాయితీ ఖతం."

వారం రోజులు కూర్చుని పదహారు వరుసల కవాతు పాట కట్టాను. అడుగు వరుసలో ఒకే ఒక్క పిల్లనగ్రోవి, మంద్రంగా, గుట్టుగా మొదలవుతుంది. పైకి పోయినకొద్దీ ఒక్కొక్కటే వచ్చి కలుస్తాయి, చిన్న డ్రమ్ములు, తాళాలు, పెద్ద డ్రమ్ము. పదహారో వరుసలో అన్నీ ఒక్కసారిగా విరుచుకుపడతాయి, ఇన్‌స్పెక్టరు గారు కుర్చీలో ఎగిరిపడతారు, అక్కడితో ఆగిపోతుంది. నా లెక్క అది. కాగితాన్ని నేతగది గోడకు అంటించి, రేపటినుంచి నేర్పుతానని పిల్లలకు చెప్పాను. ఆ సాయంత్రమే కవాతు ఎట్లా నడవాలో చూపించాడు ఫౌజీ సారు. వెండి గుండు ఉన్న కర్రను గాలిలోకి ఎగరేసి, చూడకుండానే పట్టుకున్నాడు. పిల్లలు నోళ్లు తెరిచారు. పెద్దసారు చప్పట్లు కొట్టి, నావైపు తిరిగి, "ఆ రోజు మీరు ఎనుక నిలవడి పోరలకు నీళ్లందియ్యుర్రి సారూ, ఎండకు తాళరు" అన్నాడు.

నీళ్ల కడవ పక్కన నిలబడ్డ నన్ను నేను ఊహించుకున్నాను. మర్నాటినుంచి నాకు జ్వరం.

అవ్వ నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. "జరమేడిదిరా, సల్లగున్నవ్ గదా."

"లోపలున్నదే."

"లోపలుంటే అది జరం గాదు" అని తన రాట్నం దగ్గరికి పోయింది.

ఆ సాయంత్రం ఫౌజీ సారు వచ్చాడు, చేతిరుమాలులో నాలుగు బత్తాయిలు కట్టుకుని. మంచం పక్కన నేల మీదే కూర్చున్నాడు. (కూర్చున్నా నా మంచం ఎత్తు ఉన్నాడు.) "పాణం ఎట్లున్నది సారూ? మీరు లేచేదాక పోరలకు నేను నేర్పిస్త, ఫికర్ జేయకుర్రి. పాట మీదే. గోడకు కాగితం చూసిన, గళ్లు గళ్లున్నయ్. ఎట్ల చదవాలెనో జర చెప్పుర్రి."

కిందినుంచి. ఒక్క మాట. నాలుక చివరదాకా వచ్చింది కూడా. దుప్పటి మెడదాకా లాక్కుని, "అండ్ల చెప్పేటందుకేమున్నది సారూ, మీ అసుంటోళ్లకు చూస్తెనే తెలుస్తది" అన్నాను. నా లెక్క నాకుంది. చదువుకున్నవాడెవడైనా కాగితాన్ని పైనుంచి చదువుతాడు. పదహారో వరుసతో మొదలుపెట్టి మొదటి వరుసతో ముగిస్తాడు. తల ఉండవలసిన చోట తోక. ఫౌజీ సారు ముందు తుమ్మడానికి కూడా భయపడే పిల్లలు తప్పు అని చెప్పరు. ఇన్‌స్పెక్టరు గారి ముందు బ్యాండు అభాసుపాలవుతుంది, మగ్గం సారు లేకపోతే ఇంతేనని అందరికీ తెలుస్తుంది, బోర్డు మీద నా పేరు పడుతుంది.

ఆయన పోయాక అవ్వ అడిగింది. జీవితమంతా కండెలు చుట్టిన మనిషి, ఏ కాగితం ఎటునుంచి చదవాలో ఆమెకు నాకంటే ముందే తెలుసు. "కిందికెల్లి అని చెప్పకపోతివేందిరా?" (కిందికెల్లి అంటే మా వైపు కిందినుంచి అని.)

"మర్సిన."

"జరంల మతిమరుపు గూడ వస్తదా" అని, ఒక బత్తాయి వలిచి తనే తిన్నది. నాకు పెట్టలేదు. ఫౌజీ సారు రెండు రోజులకు మళ్లీ వచ్చాడు. ఆయన గొంతు వినబడగానే నేను కళ్లు మూసుకున్నాను. నిద్రపోతున్నానని అవ్వ చెప్పి పంపింది, ఆమె చెప్పిన తీరులో నమ్మకం లేకపోయినా.

ఇన్‌స్పెక్టరు గారు వచ్చిన రోజు నేను శాలువా నెత్తి మీదినుంచి కప్పుకుని, బడి గోడ దగ్గర మూగిన జనంలో నిలబడ్డాను. చూడకుండా ఉండలేకపోయాను, ఎంత జ్వరమైనా. ఫౌజీ సారు కర్ర ఎత్తాడు. మొదటి దెబ్బతోనే ఎనిమిది పిల్లనగ్రోవులు, డ్రమ్ములు, తాళాలు అన్నీ కలిసి విరుచుకుపడ్డాయి. పదహారో వరుస. నా ప్రాణం లేచి వచ్చింది. అనుకున్నట్టే పైనుంచి చదివాడు. తర్వాత పదిహేను, పద్నాలుగు. ఇక ఎక్కడో ఒకచోట తడబడతారని ఎదురు చూస్తున్నాను. తడబడలేదు. మైదానం చుట్టి, ఇన్‌స్పెక్టరు గారి కుర్చీ ముందునుంచి గేటువైపు తిరిగారు. వరుసలు కిందికి దిగుతున్నాయి. పెద్ద డ్రమ్ము ఆగింది. నాలుగడుగులకు తాళాలు ఆగాయి. గేటు దాటుతుండగా చిన్న డ్రమ్ములు కూడా ఊరుకున్నాయి. పిల్లనగ్రోవులు ఒక్కొక్కటే తగ్గుతూ, గోడ అవతల, కనబడని చోట ఒకే ఒక్కటి మిగిలింది. అది కూడా ఎప్పుడు ఆగిందో చెప్పలేను. ఆగిందని తెలియక జనం ఇంకా చెవులు పెట్టుకునే నిలబడ్డారు. నేను కూడా.

ఇన్‌స్పెక్టరు గారు లేచి నిలబడ్డారు. సర్కారు జిల్లాల మనిషి. "ఎవరండీ ఈ పాట కట్టింది?"

ఫౌజీ సారు గేటు దగ్గరినుంచి పరుగున వచ్చి సలాము కొట్టి, జనంలో వెతికి, నా శాలువాను గుర్తుపట్టి చెయ్యి చాపాడు. "అగో, ఆయన సార్. పాణం బాగలేకున్నా వచ్చిండు."

జనం పక్కకు తప్పుకుని నాకు దారి ఇచ్చారు. నడిచిన ఆ ఇరవై గజాలు నా జీవితంలో చాలా పొడుగైన దారి. ఇన్‌స్పెక్టరు గారు నా చెయ్యి పట్టుకున్నారు. "చాలా బ్యాండ్లు విన్నానండీ మాస్టారూ. అందరూ చివర్న డమడమా వాయించేసి ఆపేస్తారు. మీరు పాటని గేటు దాకా సాగనంపారు. ఇంకా అలా వెళ్తూనే ఉన్నట్టుందండీ. ఈ ఆలోచన ఎలా వచ్చింది మీకు?"

నిజం చెప్పడానికి అది మంచి సమయం. పక్కనే పెద్దసారు ఉన్నాడు, ఫౌజీ సారు ఉన్నాడు. నేను గొంతు సవరించుకుని, "ఆలోచించంగ ఆలోచించంగ వచ్చింది సార్" అన్నాను.

మర్నాడు పెద్దసారు స్వయంగా సుద్దముక్క తీసుకుని బోర్డు మీద నా పేరు పక్కన 'బ్యాండు' అని రాశాడు. చూడడానికి వెళ్లాను. అక్షరాలు గుండ్రంగా, బాగానే ఉన్నాయి. పిల్లలు 'బ్యాండు సార్' అని పిలిస్తే వెనక్కి తిరిగి చూశాను, ఫౌజీ సారును పిలుస్తున్నారేమోనని. అంతవరకు ఆయనకు తెలిసిన విద్య మీద ఈర్ష్య ఉండేది. ఇప్పుడు ఆయన చేసిన తప్పు మీద కూడా పుట్టింది. నేను వారం రోజులు చెమటోడ్చి కట్టినదానికంటే ఆయన పొరపాటున చదివినది బాగుండడం ఏమి న్యాయమని మా అవ్వను అడగలేను, ఎవరినీ అడగలేను. పదిహేను రోజులు మింగలేక కక్కలేక తిరిగి, చివరికి ఒక నిర్ణయానికి వచ్చాను. తప్పు చదివాడని ఆయనకే చెప్పెయ్యాలి. ఒక్క విషయంలోనైనా ఆయనకు తెలియనిది నాకు తెలుసని తేలిపోవాలి.

సామాన్ల గదిలో పెద్ద డ్రమ్ము తాళ్లు బిగిస్తున్నాడు. "ఫౌజీ సారూ, మీకొక ముచ్చట చెప్పాలె" అన్నాను. "ఆ కాగితం మీరు తలకిందులు చదివిన్రు."

తాడు గుంజడం ఆపకుండానే, "ఎర్కనే సారూ" అన్నాడు.

"ఎర్కనా?"

"మొదటి దినమే పోరలు చెప్పిన్రు, కిందికెల్లి చదవాలె సార్ అని. గట్లనే నేర్చుకున్నం. మంచిగుండె. మర్నాడు ఉత్తగనే పైకెల్లి వాయించి చూస్తే ఇంకింత మంచిగనిపించె. గట్ల జేస్తే ఏమన్న అనుకుంటరేమో అడుగుదమని మీ ఇంటికొస్తి. పండుకున్నరని అవ్వ చెప్పింది. లేపబుద్ధి గాలె."

తుమ్మడానికి భయపడే పిల్లలు చెప్పారట. మొదటి రోజే. వాళ్లు నా ముందు కూడా అంత ధైర్యంగా ఎప్పుడూ మాట్లాడలేదు.

"మరి సాబు అడిగినప్పుడు గా మాట చెప్పకపోతిరేంది?"

ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. "నేను జేసిందేమున్నది సారూ? పాట మీదే, గళ్లు మీయే. నేను కాగితం మీదికెల్లి చూసిన, గంతే."

కృతజ్ఞతలు చెప్పవలసిన చోటు అది. బత్తాయిలకు కూడా కలిపి చెప్పవచ్చు. నేను మాత్రం, "తాళ్లు మరీ గట్టిగ గుంజకుర్రి, తోలు పల్గుతది" అని వచ్చేశాను.

తర్వాత ఇద్దరం ఒకే బడిలో నాలుగేళ్లు పనిచేశాం. నేను బ్యాండు సారునే. ప్రతి ఏడూ ఒక కొత్త పాట కట్టేవాణ్ని. కట్టాక తలుపు వేసుకుని, దాన్ని పైనుంచి కూడా ఒకసారి ఊది చూసుకునేవాణ్ని. ఒక్కటి కూడా ఆ పాటలా పలకలేదు. ఏ ఇన్‌స్పెక్టరు వచ్చినా, ఏ మంత్రి వచ్చినా పిల్లలు ఆ పాటే వాయించేవాళ్లు, ఫౌజీ సారు చదివిన పద్ధతిలోనే. అందరూ నన్ను మెచ్చుకునేవాళ్లు. ఆయన దూరంగా నిలబడి అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టేవాడు. ఆ చప్పట్లు నాకు విడిగా వినబడేవి.

చివరికి ఆయన కోరుకున్నట్టే కొల్లాపూర్‌కు బదిలీ అయింది. పొద్దున పది గంటల బస్సు బడి గేటు ముందే ఆగుతుంది. బ్యాండుతో సాగనంపమన్నాడు పెద్దసారు. పిల్లలు వరుసకట్టారు, పెద్ద డ్రమ్ము వాడు అప్పుడే కర్ర ఎత్తాడు. "ఆగు" అన్నాను. "ఇయ్యాల కిందికెల్లి వాయించాలె."

"గట్లెందుకు సార్?" అన్నాడు వాడు. "ఫౌజీ సారుకు మనం రోజు వాయించేదే ఇష్టం గదా."

"చెప్పింది చెయ్యి."

అసలు పాటను నేను ఎట్లా కట్టానో ఆయన ఒక్కసారి సరిగా వినిపోవాలి. ఎవరి పాట ఎవరిదో తేలిపోవాలి. ఒక్క పిల్లనగ్రోవి మొదలుపెట్టింది, మంద్రంగా, గుట్టుగా. బస్సు ఇంజను ముందు అది ఎవరికి వినబడుతుంది? ఫౌజీ సారు కిటికీలోంచి తల బయట పెట్టి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని వింటున్నాడు. రెండో వరుస, మూడో వరుస. నాకే తొందర పుట్టింది గాని పాటను తొందరపెట్టలేము. చిన్న డ్రమ్ములు కలిసేసరికి కండక్టరు గంట కొట్టాడు. తాళాలు వచ్చేసరికి బస్సు మలుపు దగ్గర ఉంది, ఆయన చెయ్యి ఇంకా చెవి దగ్గరే ఉంది. పదహారో వరుస వచ్చింది. ఎనిమిది పిల్లనగ్రోవులు, అన్ని డ్రమ్ములు, పిల్లలు ప్రాణం పెట్టి వాయించారు, అంత బాగా ఎప్పుడూ వాయించలేదు. ఎదురుగా దుమ్ము తప్ప ఎవరూ లేరు.

ఆయనకు ఏ వరుస దాకా వినబడిందో కార్డు రాసి అడుగుదామని చాలాసార్లు అనుకున్నాను. అడ్రసు కూడా ఉండేది. ఒకసారి రెండు వాక్యాలు రాశాను కూడా. కాని ఏం వినబడినా, అసలేమీ వినబడకపోయినా, "మస్తుగుండె సారూ" అనే జవాబు వస్తుందని నాకు ముందే తెలుసు. అది చదివి తట్టుకునే శక్తి నాకు అప్పుడు లేదు. ఇప్పుడు ఉన్నదని ఈమధ్య అనిపిస్తున్నది, రాద్దామంటే ఆయన లేడు.